ఎండుచేప పరీక్ష

మొన్న ఆదివారం మా అక్క కూతురికీ నాకూ పెద్ద గొడవైంది. ఆస్తి గొడవేం కాదు, పుస్తకాల గొడవ. దానికిప్పుడు పదిహేనేళ్ళు, సారా జే మాస్ అంటే పడి చస్తుంది, త్రోన్ ఆఫ్ గ్లాస్ సీరీస్ మొత్తం అలమారలో వరసగా పేర్చుకుంది, ఎవరైనా తీసి అట్ట వెనక్కి మడిచి చదివారో ఇక ఆ రోజు ఇంట్లో యుద్ధమే. నేను ఏదో మాటల్లో "కథ సరేగానీ రాత మాత్రం ఏం బాలేదే" అన్నాను. అంతే. "నీకెప్పుడూ ఇదే పిన్నీ, అందరూ అన్నం తింటుంటే నువ్వు రాళ్ళు ఏరుతూ కూర్చుంటావ్" అంది. ఊరుకుందా, "అసలు రాత బాగుండటం అంటే ఏంటో చెప్పు ముందు, అంతమంది ఎగబడి చదువుతుంటే బాలేదని నువ్వెలా అంటావ్" అని నిలదీసింది.

నిజం చెప్పొద్దూ, అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. నాకు తెలుసు అనిపిస్తుంది గానీ నోటికి రాదు, ఉప్పు సరిపోలేదని తెలుస్తుంది కానీ ఎంత వెయ్యాలో చెప్పలేం చూడండి, అలా. రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గుర్తొచ్చినవన్నీ దాని పుణ్యమే, ఎందుకంటే ఈ రచయితలందరినీ నేను సరిగ్గా చదివింది దానికి కథలు చెప్పినప్పుడే.

2020 లాక్‌డౌన్‌లో నేను కాకినాడలో మా అక్క వాళ్ళింట్లో ఇరుక్కుపోయాను. వారం ఉందామని వెళ్ళినదాన్ని నెలల తరబడి ఉండిపోయా. పిల్లకి అప్పుడు పదేళ్ళు నిండుతున్నాయి, ఇంగ్లీషు మీడియమే గానీ లావు పుస్తకం చూస్తే భయం. నా దగ్గరేమో ఫోన్లోనూ ట్యాబ్‌లోనూ ఇరవై ఏళ్ళుగా పోగేసుకున్న ఫాంటసీ అంతా ఉంది. సరే అని రాత్రిపూట డాబా మీద చాప వేసుకుని, ట్యాబ్‌లో ఇంగ్లీషు చూస్తూ నోటితో తెలుగులో చెప్పడం మొదలెట్టా. సారాంశం చెప్పడం కాదు, వాక్యానికి వాక్యం, కుదిరినంత వరకు. నాకు అంతవరకు తెలీని సంగతి ఏంటంటే, ఇలా నోటితో తెలుగులోకి మారుస్తుంటే పుస్తకం చొక్కా విప్పేసినట్టు అయిపోతుంది. ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఉండే ఆ మెరుపూ ఆ స్టైలూ అంతా పోయి, లోపల ఎముకలు ఉన్నాయా లేవా అనేది తెలిసిపోతుంది.

ముందు హ్యారీ పోటరే, ఇంకేంటి మరి. రౌలింగ్‌కి ఒక అలవాటుంది, ఎవరైనా ఒక మాట అంటే దాన్ని ఎలా అన్నారో కూడా చెప్పేదాకా ఆవిడకి తోచదు. ఇంగ్లీషులో గబగబా చదువుకుంటూ పోతే కంటికి ఆనదు. తెలుగులోకి వచ్చేసరికి, హ్యారీ కోపంగా అన్నాడు, రాన్ నీరసంగా అన్నాడు, హెర్మయొనీ కంగారుగా అంది, డంబుల్‌డోర్ ప్రశాంతంగా అన్నాడు, స్నేప్ మెత్తగా అన్నాడు... గా, గా, గా, గా. మూడో రోజుకి పిల్ల కనిపెట్టేసింది. నేను "రాన్" అని ఊపిరి తీసుకునేలోపు అది "విసుగ్గా!" అని అందించేది, సగం సార్లు కరెక్టయ్యేది కూడా. చివరికి దానికి ఆ ఆటే కథ కన్నా ఎక్కువైపోయింది.

ఇదేం నేను కనిపెట్టిన జబ్బు కాదులెండి. 2003లో ఐదో పుస్తకం గురించి రాస్తూ భయం కథల స్టీఫెన్ కింగ్ ఇదే విషయం మీద ఆవిడని ఆటపట్టించాడు, అదే వ్యాసంలో పుస్తకాన్ని మెచ్చుకున్నాడు కూడా. హెరాల్డ్ బ్లూమ్ అనే పెద్ద విమర్శకుడైతే 2000లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో మరీ కసిగా రాశాడు, మొదటి పుస్తకంలో నాలుగో పేజీ ఒక్కదాంట్లోనే ఏడు అరిగిపోయిన మాటలున్నాయని లెక్కపెట్టి చెప్పాడు. తనూ ఫాంటసీ రాసే ఉర్సులా లెగ్విన్ కూడా 2004లో ఒకచోట, ఆ వయసు పిల్లలకి పర్లేదుగానీ శైలి మామూలే, ఊహ అరువుదే, మనసు కూడా కాస్త ఇరుకే అన్నట్టు మాట్లాడింది. ముగ్గురూ చెప్పింది తప్పని నేను అనను. గా-గా-గా ఆట ఆడినదాన్ని, నేనెలా అంటాను.

కానీ ఒక రాత్రి ఏమైందో చెప్తా. మూడో పుస్తకం, ఆ ఎలక సంగతి బయటపడే చోటు (ఇన్నేళ్ళయ్యాక కూడా కథ చెప్పేశానని నన్ను తిట్టకండి). మా అక్క సినిమాలు చూడనిచ్చేది కాదు, కాబట్టి దానికి ఏం తెలీదు. ఆ ఎలక మొదటి పుస్తకం నుంచీ రాన్ జేబులోనే ఉంది, నిద్రపోతూ, ఒకడి వేలు కొరుకుతూ, ఎవరికీ పట్టకుండా. అది మనిషి అని తెలిసేసరికి పిల్ల చాప మీద లేచి కూర్చుంది. "అంటే పన్నెండేళ్ళు వాళ్ళింట్లోనే తిని వాళ్ళింట్లోనే పడుకున్నాడా పిన్నీ" అంది, ఆ గొంతులో నిజంగా అసహ్యం ఉంది. తర్వాత నేను వెనక్కి వెళ్ళి మొదటి పుస్తకం మొదటి చాప్టర్ తీసి చూపించా, హ్యాగ్రిడ్ ఎగిరే మోటార్‌సైకిల్ మీద వస్తూ అది సిరియస్ బ్లాక్ దగ్గర తీసుకొచ్చానంటాడు, మూడో పుస్తకం మొత్తం ఎవడి చుట్టూ తిరుగుతుందో వాడే, ఒక్క లైను. 1997లో నాటిన విత్తనం 1999లో మొలిచింది. తెలుగులో చెప్పినా, తమిళంలో చెప్పినా, నాలాంటిది నత్తి నత్తిగా చెప్పినా ఆ కట్టుబడి చెక్కుచెదరదు. బ్లూమ్ నాలుగో పేజీ చూశాడు గానీ ఇల్లు చూడలేదు అని నా ఫిర్యాదు.

ఇక్కడ ఆగిపోతే "కథ బాగుంటే చాలు, భాష ఎవడికి కావాలి" అనే పాత వాదమే అవుతుంది, మా పిల్ల వాదం కూడా అదే. నాకు ఆ వాదం అస్సలు నచ్చదు. ఎందుకంటే రౌలింగే దాన్ని తప్పని చూపించింది, ఐదో పుస్తకంలో. ఆ పుస్తకం 38 చాప్టర్లు, సగం చోట్ల హ్యారీ అరుస్తూనే ఉంటాడు, నేనైతే సగం దాటేస్తూ చెప్పాను. కానీ మధ్యలో ఆసుపత్రి సీన్ ఒకటుంది. హ్యారీతో చదివే నెవిల్ అనే పిల్లాడి వాళ్ళమ్మ, మతిపోయిన మనిషి, మెల్లగా నడిచొచ్చి కొడుకు చేతిలో ఒక బబుల్‌గమ్ కాగితం పెడుతుంది. ఖాళీ కాగితం. నాయనమ్మేమో అది చెత్తబుట్టలో పడెయ్, ఈపాటికి నీ గది గోడలన్నిటికీ అంటించుకునేన్ని ఇచ్చుంటుంది అంటుంది. వెళ్ళిపోతూ నెవిల్ ఆ కాగితం జేబులో వేసుకోవడం హ్యారీ కంటపడుతుంది. అంతే, సీన్ అయిపోయింది. నెవిల్ మనసులో ఏముందో ఆవిడ చెప్పదు. ఆ రాత్రి గా-గా ఆట లేదు. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత కిందకెళ్ళి వాళ్ళమ్మ పక్కన పడుకుంది.

అదే చెయ్యి, అదే పుస్తకం. ఒక పేజీలో ఫీలింగ్‌కి పేరు పెట్టి మన ముందు పడేస్తుంది, ఇంకో పేజీలో ఒక కాగితం ముక్క చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఈ రెండోది చెయ్యగలగడమే రాత అని నాకు అప్పుడు అనుమానం మొదలైంది. ఆ అనుమానంతోనే మిగతావాళ్ళని కూడా చూడటం మొదలెట్టా.

రిక్ రియోర్డన్ దగ్గరికి వస్తే, ఆయన తెలుగులోకి దిగినంత హాయిగా ఇంకెవరూ దిగలేదు. ఆయన స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు, కొడుక్కి ఏడీహెచ్‌డీ (దేనిమీదా నిలకడ కుదరకపోవడం), డిస్లెక్సియా (అక్షరాలు చదవడం కష్టమవడం) ఉంటే వాడికి పడుకునేముందు చెప్పిన కథే 2005లో పెర్సీ జాక్సన్ అనే పిల్లాడు తన కథ తనే చెప్పే మొదటి పుస్తకం అయింది. ఆ నోటి వాటం పోలేదు. చాప్టర్ పేరే "మా లెక్కల టీచర్ని పొరపాటున ఆవిరి చేసేశా" అన్నట్టుంటే ఇంకేం కావాలి, పెళ్ళి విడిదిలో పెదనాన్న కొడుకు చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని కోతలు కోస్తున్నట్టు ఉంటుంది. నేనేం కష్టపడక్కర్లేదు, దానంతటదే వచ్చేసేది. చిక్కెక్కడంటే ఆ గొంతు పెర్సీది అయినంతసేపు బాగుంటుంది, తర్వాత సీరీస్‌లలో రకరకాల పిల్లల వైపు నుంచి చెప్తాడు కదా, అందరూ పెర్సీలాగే జోకులేస్తారు, పేరు తీసేస్తే ఎవరు ఎవరో నాకు తెలిసేది కాదు. అమెరికా టీవీ, బ్రాండ్ల జోకులైతే దారిలోనే వాడిపోయాయి.

కానీ ఆయనకీ ఒక బబుల్‌గమ్ కాగితం ఉంది. పెర్సీ సవతి తండ్రి ఒకసారి వాళ్ళమ్మతో నీలం రంగు తిండి అనేదే ఉండదు అని వాదిస్తాడు. అప్పట్నుంచి ఆవిడ పంతం పట్టి కేకులు, చిప్స్, క్యాండీ అన్నీ నీలం రంగువే తెచ్చి పెడుతుంది. ఆ దుర్మార్గుడితో కాపురం చేస్తూ కూడా లోపల ఎక్కడో ఒంగని మనిషని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి. పిల్ల మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మని నీలం ఇడ్లీ అడిగింది. మా అక్క తిట్టుకుంటూనే పెరట్లో శంఖుపూలు కోసి నానబెట్టి ఆ నీళ్ళతో వేసింది, నీలం కాదు ఊదా కాదు మధ్యలో ఏదో రంగొచ్చింది, ఇంటిల్లిపాదీ తిన్నాం.

రియోర్డన్ పేరు మీద వేరేవాళ్ళు రాసే పుస్తకాల వరస ఒకటుంది, అందులో మొదటిది 2018లో వచ్చిన రోషనీ చోక్షీ పుస్తకం, అట్లాంటాలో ఉండే ఆరు షా అనే పిల్ల అర్జునుడి ఆత్మతో పుట్టినట్టు. ఐడియా వినగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ మహాభారతం ఇంట్లో వింటూ పెరిగిన పిల్లకి చెప్తుంటే సగం పేజీలు తెలిసినవాటికి వివరణలే అయ్యాయి, దానికి మన పురాణాల పేర్లు కొత్తగా పరిచయం చేస్తుంటే "తెలుసు పిన్నీ, ముందుకెళ్ళు" అనేది. అది రచయిత్రి తప్పు కాదు, ఆ పుస్తకం మా డాబా కోసం రాసింది కాదు.

సుజాన్ కాలిన్స్ హంగర్ గేమ్స్ ఫాంటసీ అనొచ్చా అంటే అనలేం, కానీ అదే షెల్ఫులో ఉంటుంది కాబట్టి ఒక మాట. అది మొత్తం వర్తమానంలో నడుస్తుంది, నేను లేస్తాను, పక్కంతా తడుముతాను, చల్లగా తగులుతుంది, ఇలా. తెలుగులో ఇలా ఎవరు కథ చెప్తారా అని మొదట చాలా ఇబ్బంది పడ్డా. తర్వాత వెలిగింది, మనం సినిమా కథ చెప్పేది ఇలాగే కదా! హీరో వస్తాడు, ఆమెని చూస్తాడు, ఈలోగా విలన్ ఫోన్ చేస్తాడు. ఆ గాడిలో పెట్టగానే పరుగే పరుగు. ఆవిడ టీవీకి రాసి వచ్చిన మనిషి, ఆ లెక్క కనిపిస్తుంది కూడా, మొదటి మూడు పుస్తకాల్లో ప్రతి దాంట్లోనూ మూడు భాగాలు, భాగానికి తొమ్మిది చాప్టర్లు, చాప్టర్ చివర ఒక కొక్కెం. వాక్యం పొడి పొడిగా ఉంటుంది, అందంగా ఏం ఉండదు, కానీ ఒక్క మాట వేస్ట్ చెయ్యదు. పదేళ్ళ పిల్లకి పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ ఎందుకు చెప్తున్నావని మా అక్క మధ్యలోనే ఆపించేసింది, అది వేరే సంగతి.

అసలైన పోలిక మాత్రం పావోలినీకీ లెగ్విన్‌కీ. ఇద్దరిదీ ఒకటే సరుకు, అందుకే ఇది బాగా పనికొస్తుంది. వస్తువుకి అసలు పేరు ఒకటుంటుంది, పురాతన భాషలో, అది తెలిస్తే దానిమీద అధికారం వస్తుంది. క్రిస్టఫర్ పావోలినీ ఎరగాన్ మొదలుపెట్టింది పదిహేనేళ్ళకి, అంటే ఇప్పటి మా పిల్ల వయసుకి. ఇంట్లోవాళ్ళే అచ్చు వేయించారు, తర్వాత 2003లో పెద్ద పబ్లిషర్ తీసుకున్నాడు. ఆ వయసుకి అంత పుస్తకం పూర్తి చెయ్యడమే గొప్ప, నేను పదిహేనేళ్ళకి లేఖ రాయడానికి కూడా ఏడ్చేదాన్ని. కానీ మొదటి వాక్యమే, రాత్రి గాలి హోరున వీస్తూ ప్రపంచాన్ని మార్చెయ్యబోయే వాసన ఒకటి మోసుకొస్తోంది అని. చెప్పాను. పిల్ల "ఏం వాసన?" అంది. ఇంగ్లీషులో నేను మూడుసార్లు చదివాను ఆ వాక్యం, ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న రాలేదు. ఏం వాసన, కుళ్ళిన వాసనా, కాలిన వాసనా, గుర్రాల వాసనా? గంభీరంగా ఉంది కాబట్టి ఊరుకున్నాను. మోగింది గానీ లోపల ఏం లేదు.

అందులో హీరో ఎరగాన్ ఒక కొట్లాటలో ఏం చేస్తున్నాడో తెలీకుండానే బ్రిసింగర్ అని అరుస్తాడు, అంటే నిప్పు, బాణం చిటపటలాడే నీలం వెలుగుతో దూసుకుపోతుంది, వీడు నీరసపడిపోతాడు. మంత్రంతో చేసినా చేత్తో చేసినంత శక్తీ ఖర్చవుతుందనే రూలు నిజంగా మంచి ఆలోచన, అది ఆయనకి ఇవ్వాలి.

ఇప్పుడు లెగ్విన్. ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, 1968, రెండొందల పేజీల చిన్న పుస్తకం. మొదటి రెండు రాత్రులు పిల్ల నిద్రపోయింది, ఒప్పుకుంటా. డైలాగులు తక్కువ, దూరం నుంచి, ఎప్పుడో జరిగిపోయిన పెద్దమనిషి చరిత్ర చెప్తున్నట్టు చెప్తుంది. మూడో రాత్రి, మంత్రాల స్కూల్లో చదివే గెడ్ అనే కుర్రాణ్ణి ఒక ఒంటరి బురుజుకి పంపుతారు, పేర్లు నేర్చుకోడానికి. అక్కడ రోజంతా కూర్చుని పేర్ల జాబితాలు బట్టీ పట్టాలి, అర్ధరాత్రి అయ్యేసరికి కాగితం మీద సిరా మాయమైపోతుంది, మర్నాడు కొత్త జాబితా. పిల్ల కళ్ళు తెరిచింది. "ఎక్కాల్లాగా?" అంది. ఎక్కాల్లాగే. మంత్రం అంటే అరవడం కాదు, ఎక్కాలు. ఒక టీచర్ గులకరాయిని చూపించి ఇది టోల్క్, దీన్ని వజ్రంలా కనిపించేట్టు చెయ్యడం తేలికే, నిజంగా వజ్రం చెయ్యాలంటే దీని అసలు పేరు మార్చాలి, ఆ చిన్న రాయి పేరు మారితే ప్రపంచం మారిపోతుంది, జాగ్రత్త అంటాడు. పావోలినీ ప్రపంచాన్ని మార్చేసే వాసన అన్నాడు, లెగ్విన్ ప్రపంచాన్ని మార్చేసే గులకరాయి అంది. తేడా అదే. రాయి చేతిలోకి వస్తుంది. మర్నాడు పిల్ల డాబా మీద ఒక కంకర రాయి పెట్టుకుని దాని అసలు పేరేంటి అని కూర్చుంది.

గెడ్ రంగు కూడా అంతే. ఎర్రగోధుమ చాయ అని కథ మధ్యలో అలా చెప్పేసి వెళ్ళిపోతుంది, ఉపన్యాసం ఏం లేదు. "అంటే మనలాగా?" అంది పిల్ల. మనలాగే. ఆ రంగుని అట్టల మీద బొమ్మలేసేవాళ్ళూ టీవీ వాళ్ళూ చాలాకాలం తెల్లగా మార్చేస్తూ వచ్చారు, లెగ్విన్ దానిమీద గట్టిగానే పోట్లాడింది.

అలాగని లెగ్విన్‌ని దేవతని చెయ్యట్లేదు. ఆ మొదటి పుస్తకంలో ఆడవాళ్ళ మంత్రం అంటే బలహీనం, దుర్మార్గం అని సామెతలే ఉన్నాయి. పిల్ల అడిగింది కూడా, ఆడపిల్లలు ఆ స్కూల్లో లేరా అని. లేరు. ఆవిడే అది తర్వాత గ్రహించి 1990లో తెహాను అనే పుస్తకం రాసింది, తన సొంత ప్రపంచాన్ని తానే తిరగేసి చూసుకుంది, అంత ధైర్యం ఎంతమందికి ఉంటుందో నాకు తెలీదు. ఇంకో మాట, నా డాబా పరీక్ష లెగ్విన్‌కి అన్యాయమే చేస్తుంది. ఆవిడ వాక్యంలో ఒక నడక ఉంటుంది, గట్టిగా చదివితే వినిపించే నడక, ఆవిడ రాత పాఠాల పుస్తకం ఒకటి రాసింది, అందులో మొదటి పాఠమే వాక్యం చప్పుడు. నా తెలుగులో ఆ నడక పోయింది. కథ మిగిలింది, రాయి మిగిలింది, పాట పోయింది. కాస్త నిలబడిందంటే అది చందమామ పుణ్యం, తాతయ్య దగ్గరున్న పాత బైండ్లలో దాసరి సుబ్రహ్మణ్యం గారి రాకాసిలోయ, తోకచుక్క లాంటి సీరియల్స్ చదివి పెరిగినదాన్ని కాబట్టి, ఆర్భాటం లేకుండా వింతని వింతగా కాకుండా చెప్పే ఆ తెలుగు ఒకటి నా చెవిలో ఉంది, దాన్ని అరువు తెచ్చుకున్నా.

ఇక ఎండుచేప. ఫిలిప్ పుల్మన్ నార్తర్న్ లైట్స్, 1995. అందులో ప్రతి మనిషికీ ఒక డెమన్ ఉంటుంది, అంటే ఆత్మే జంతువు రూపంలో బయట పక్కనే తిరుగుతుంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయి వాళ్ళ డెమన్‌ని కోసి వేరు చేస్తున్నారని పుకారు. కథానాయిక, లైరా అనే పిల్ల, మంచులో ఒక ఊరికి వెళ్తుంది, అక్కడ దెయ్యం ఉందని భయం. చేపలు ఎండబెట్టే కొట్టంలో ఒక పిల్లాడు ముడుచుకుని ఉంటాడు, డెమన్ లేదు, దాని బదులు ఒక ఎండుచేప ముక్కని గుండెకి హత్తుకుని ఉంటాడు.

నేను ఎండుచేప అనగానే పిల్ల కిసుక్కున నవ్వింది. "చేపా చేపా ఎందుకు ఎండలేదు" అంది. మనకి ఎండుచేప అంటే అదే కదా, రాజుగారి ఏడుగురు కొడుకుల కథ, పైగా కాకినాడ పిల్ల, బీచ్ రోడ్డున ఆరబెట్టిన చేపల వాసనకి ముక్కు మూసుకునే పిల్ల. నేను ఆపకుండా చెప్పుకుంటూ పోయా. వాడు ఆ చేపని వదలడు. రాత్రికి చచ్చిపోతాడు. పొద్దున ఎవరో ఆ చేప ముక్క తీసి కుక్కలకి వేసేశారని తెలిసి లైరా మండిపడుతుంది, ఒక బంగారు నాణెం మీద కత్తితో వాడి డెమన్ పేరు గీకి వాడి నోట్లో పెడుతుంది. పిల్ల నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలీదు, చూసేసరికి నా చెయ్యి పట్టుకుని ఉంది. "అది చచ్చిపోయిన చేప కదా పిన్నీ, వాడికి తెలీదా?" అంది. నేనేం చెప్పగలను.

ఒంటరితనం, వేదన, శూన్యం, ఇలాంటి మాట ఒక్కటి వాడాల్సిన పని లేకుండా పుల్మన్ ఒక నీచు వాసన వచ్చే చేపతో ఆ పని చేసేశాడు. ఏ భాషలో చెప్పినా ఆ చేప చేపే. నాకు అప్పట్నుంచి ఇదే కొలబద్ద అయిపోయింది, పుస్తకం మూసేశాక నా చేతిలో ఏం మిగిలింది అని. ఆయన మీద నాకు కోపం కూడా ఉంది, ఆ సీరీస్ మూడో పుస్తకానికి వచ్చేసరికి వాదన కథ నెత్తినెక్కి కూర్చుంటుంది, పాత్రలు ఆయన మాటలు మాట్లాడటం మొదలెడతాయి. 2000లో వచ్చిన ఆ పుస్తకానికే బ్రిటన్‌లో విట్‌బ్రెడ్ సాహిత్య బహుమతుల్లో అన్నిటికన్నా పెద్దది ఇచ్చారు, పిల్లల పుస్తకానికి అది రావడం అదే మొదటిసారి. నన్నడిగితే ఇవ్వాల్సింది చేపకి.

డయానా విన్ జోన్స్ గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఆగను. హౌల్స్ మూవింగ్ కాసిల్, 1986, మొదట్లోనే ముగ్గురిలో పెద్దదానిగా పుట్టడం దురదృష్టం అని తేల్చేస్తుంది, ఎందుకంటే కథల్లో అదృష్టం పరీక్షించుకోడానికి బయల్దేరితే ముందు బోర్లాపడేది పెద్దవాళ్ళే. మన కథల్లోనూ గెలిచేది కడగొట్టువాడే కదా. మా పిల్ల ఇంట్లో పెద్దది, దానికి తమ్ముడున్నాడు, ఆ వాక్యానికి అది నిజంగానే అలిగింది. కథల రూలు మీద వేసిన జోకు నిజం పిల్లకి గుచ్చుకుంది చూడండి, అంత తేలిగ్గా అంత లోతుగా రాసేవాళ్ళు నాకు ఈ మొత్తం షెల్ఫులో ఇంకొకరు కనపడలేదు. అమ్మకాల లెక్కలు తీస్తే ఆవిడ పేరు ఎక్కడో కింద ఉంటుంది.

ఇదంతా ఆదివారం గొడవకి తిరిగి తెచ్చి మా పిల్లకి ఫోన్‌లో చెప్పాను, కొంచెం తగ్గించి. అది చాలా ఓపిగ్గా విని "మరి బార్డుగో?" అంది. మంచి ప్రశ్నే. లీ బార్డుగో 2012లో రాసిన షాడో అండ్ బోన్ నాకు ఏ పుస్తకమో గుర్తుండని పుస్తకాల్లో ఒకటి, ఒక అమ్మాయి నేను నేను అని చెప్పుకుంటూ పోతుంది. మూడేళ్ళకే అదే ప్రపంచంలో సిక్స్ ఆఫ్ క్రోస్ రాసింది, అది చదివి ఇద్దరూ ఒకరేనా అనుకున్నా. అందులో కాజ్ అనే కుర్రాడు చేతి గ్లవ్స్ తియ్యడు, ఎందుకు తియ్యడో ఊళ్ళో తలా ఒక కథ చెప్పుకుంటారు, అసలు కారణం తెలిసే చోట నాకు కడుపులో దేవింది. గ్లవ్స్. మళ్ళీ వస్తువే. మనిషి రాయడం నేర్చుకోగలదు అనడానికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం ఈ రెండు పుస్తకాలే. ట్వైలైట్‌తో పోల్చండి, 2005లో మొదలై నాలుగు లావు పుస్తకాలు, హీరో ఎడ్వర్డ్ ఎంత అందంగా ఉన్నాడో చెప్పడం మొదటి దాంట్లో మొదలై నాలుగో దాంట్లో కూడా అవ్వలేదు.

"మరి మాస్‌ని ఒక్కసారైనా డాబా పరీక్ష పెట్టావా, పెట్టకుండానే ఫెయిల్ చేశావా" అంది పిల్ల. పాయింటే. అందుకే వీడియో కాల్ పెట్టించి దాన్నే చెప్పమన్నా, వాళ్ళ తమ్ముడు శ్రోత. ఏదో ఒక పేజీ తీసి మొదలెట్టింది. ఆమె గుండె ఆగిపోయింది అంది. "చచ్చిపోయిందా?" అన్నాడు వాడు. కాదురా, ఆగినట్టైంది. సరే. రెండు లైన్ల తర్వాత ఊపిరి ఆగిపోయింది. "ఇప్పుడు చచ్చిపోయిందా?" అన్నాడు. నేను నవ్వలేదు, ఒట్టు, ఫోన్ పక్కకి తిప్పానంతే. మాస్ పదహారేళ్ళప్పుడు మొదలుపెట్టి ఆన్‌లైన్‌లో చాప్టర్ చాప్టర్‌గా పెట్టుకుంటూ వచ్చిన కథ ఇది, 2012లో పుస్తకమైంది. ఒక్కో లైనుకి ఒక్కో పేరా, ప్రతిసారీ ఏదో ఒకటి ఆగిపోవడం, అదంతా పాఠకుడు పక్క ట్యాబ్‌లోకి పోకుండా కాలర్ పట్టుకునే రాత అని నాకనిపిస్తుంది.

పిల్ల ఊరుకోలేదు. పేజీలు వెనక్కి తిప్పి ఇంకో చోటు తీసింది. ఉప్పు గనుల్లో ఏడాది బానిసగా గడిపి వచ్చిన హీరోయిన్, హంతకురాలు, కోటలో ఎవరూ లేరనుకుని పియానో ముందు కూర్చుని వాయిస్తుంది, యువరాజు చాటుగా వింటాడు. అది తెలుగులో తడబడుతూ చెప్తుంటే తమ్ముడు నోరు మూసుకుని విన్నాడు. మనుషుల్ని చంపిన వేళ్ళు కదా, అవే వేళ్ళు. ఒప్పుకున్నా. అది నిలబడింది. ఇది నువ్వు చదివినప్పుడు ఎందుకు పట్టించుకోలేదు అని అడిగితే, అప్పటికే నాకు ఆగిన గుండెల లెక్కతో విసుగొచ్చి పేజీలు గబగబా తిప్పేశానేమో అన్నాను.

"ఇంకోటి చెప్పనా, కోప్పడవుగా" అంది చివర్లో. చెప్పమన్నా. పోయినేడు అది పుల్మన్‌ని సొంతంగా ఇంగ్లీషులో చదివిందట, నాకు చెప్పలేదు. ఆ చేప సీన్ కోసమే వెతుక్కుంటూ వెళ్ళిందట.

"అక్కడ అంత ఏం లేదు పిన్నీ. గబగబా అయిపోయింది. నువ్వు చెప్పినప్పుడు చాలాసేపు ఉంది."

నేను ఫోన్ పెట్టేసి ట్యాబ్ తీసి ఆ పేజీ వెతికాను. నిజమే, చిన్నదే.